చింతపండు బస్తాల చాటున

వానాకాలంలో చింతపండు డబ్బా మూత తీస్తే అందరికీ నోరూరుతుందేమో గానీ, నాకు మాత్రం భోపాలపట్నంలో మా ఇంటి వెనక గోదాము, అందులో చెమ్మకు కారే బస్తాలు, వాటి చాటున నేను పడ్డ బాధ గుర్తొస్తాయి.

మా బాపు సంతల్లో చింతపండు, విప్పపువ్వు కొని నిలవచేసేవాడు. ఎండాకాలమంతా వాకిట్లో విప్పపువ్వు మత్తుగా వాసనేస్తూ ఎండుతుంటే, నాయనమ్మ దాన్ని వేయించి బెల్లంతో దంచిన ముద్దలు బుగ్గన పెట్టుకుని మేం పిల్లలం తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. ఆ వాకిట్లో వడియాలకు, మిరపకాయలకు, బాపు ధోవతులకు, అన్నిటికీ ఎండ దొరికేది. ముట్టుగుడ్డల్ని మాత్రం మగవాళ్ల కంటపడకుండా గోదాములో బస్తాల వెనకే ఆరేయాలి. ఆ రివాజు ఎవరు పెట్టారో మా అమ్మకీ తెలియదు.

నేను పెద్దమనిషినైన ఏడు ముసురు విడవలేదు. ఆరని గుడ్డలే కట్టుకుని తొడలు ఒరుసుకుపోయాయి. వాటిలో ఒకటి తాడు మీంచి జారి చింతపండు బస్తా మీద పడిందని చూసుకోక కట్టుకున్నాను. అమ్మో, ఆ మంట పగవాళ్లకు కూడా వద్దు! బడికి బయల్దేరినదాన్ని గడప దగ్గరే కూలబడి ఏడ్చాను.

అమ్మ భయపడిపోయి, "ఇగ బడి బంద్ చేపిద్దాం అత్తమ్మా," అంది.

చదువంటే నాకు ప్రాణం. ముట్టయితే వంటింటి గడప కూడా తొక్కనివ్వని నాయనమ్మ ఇంకేం అంటుందోనని తల దించుకున్నాను.

"ఏందే, గుడ్డ ఎండకపోతే పిల్ల సదువు ఇడిసిపెట్టాల్నా?" అని ఆమె అమ్మ మీద గయ్యిమంది. గుడ్డలన్నీ బయటికి తెప్పించి, సబ్బునీళ్లలో ఉడికించి, ఎండ పొడసూపగానే వాకిలి నడుమ బాపు ధోవతుల పక్కనే తన చేత్తో ఆరేసింది.

దుకాణంలోంచి వచ్చిన బాపు బిత్తరపోయి, "ఇదేందమ్మా, హమాలీలు వస్తరు!" అన్నాడు.

"రానియ్. ఆళ్ల ఇండ్లల్ల ఆడోళ్లు లేరా? నీ చింతపండుకు ఎండ గావాలె గని, నా బిడ్డకు వద్దా?"

బాపు దుకాణంలోకి వెనక్కి తిరిగాడు. పుండ్లు మానాక నేను బడికి పోయాను. నాయనమ్మ తన మడి చచ్చేదాకా విడవలేదు, ముట్టయితే నన్ను వంటింట్లోకీ రానివ్వలేదు. అయినా ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా నాకు తనివి తీరదు.

ఇప్పుడు ఆ గోదాము లేదు, ఆ వాకిలీ లేదు. నేను పంతులమ్మనై, మా బడి ఆడపిల్లల కోసం బజారులో ప్యాడ్లు కొంటుంటాను. దుకాణపు అబ్బాయి అటూ ఇటూ చూసి నల్లకవరు తీస్తాడు.

"కవరొద్దు బిడ్డా, ఇట్లనే ఇయ్యి," అని, చేతుల నిండా పట్టుకుని బజారు నడుమనుంచే బడికి నడుస్తాను.