తిరగరాయని చీటీ

ఆ ఒక్క చీటీని నేనెందుకు తిరగరాయలేదు? పద్దెనిమిదేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. బద్ధకమా, తొందరా, ఇంకేదైనానా? ఈ వయసులో కూడా జవాబు దొరకలేదు.

ఆ చీటీ రాసినతన్ని అందరూ జిగురాయన అనేవారు. నేను గ్రంథపాలకుడిగా పనిచేసిన చోట అతను పుస్తకాలు బైండు చేసేవాడు. వెనక గదిలో కిటికీ కింద అతని బల్ల. దాని మీద చెక్క ప్రెస్సు, దబ్బనం, మైదా జిగురు. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు పొరలుపొరలుగా ఊడుతూ ఉండేది. మేనమామ అచ్చాఫీసులో నేర్చిన పని అది. తను బైండు చేసిన పుస్తకాల్లో ఒక్కటీ చదవలేదు. అడిగితే, "నేను పుస్తకాలకి డాక్టర్ని బావా. వీపు చూసి వైద్యం చేస్తా. కడుపులో ఏముందో వాటి సొంత గొడవ" అనేవాడు.

మాకు చుట్టరికమేమీ లేదు. అతని భార్య మొదటిసారి చూసినప్పుడే నన్ను అన్నయ్యగారూ అంది. ఆ వరసన అతను బావ అయ్యాడు. నిజానికి సగం పని ఆవిడదే. పుస్తకాల్లోంచి విడిపోయిన ఫారాలను, అంటే పేజీల కట్టలను, అతను ఇంటికి మోసుకెళ్తే ఆవిడ కుట్టి పంపేది, అతను ఇక్కడ అట్టలు వేసేవాడు. "కుట్టేది ఆవిడ, పేరు కొట్టేది నేను" అని నవ్వేవాడు.

ఆవిడకు కేన్సరు వచ్చింది. ఆస్పత్రిలో మందు ఎక్కించినప్పుడల్లా వారం పాటు కడుపులో ఏదీ నిలిచేది కాదు, నీళ్లతో సహా. ఒక మధ్యాహ్నం జిగురాయన పని చేసుకుంటూ, తల ఎత్తకుండానే నాతో అన్నాడు.

"బావా, నీ ఒక్కడికే చెప్తున్నా. గంజాయి నూనె ఇస్తున్నాను దానికి. నాలుక కింద రెండు చుక్కలు. నిన్న నాలుగు ముద్దలు తింది. తిని, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది కూడా."

"ఎక్కడిది?"

"ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ ఇస్తోంది. వాళ్ల తమ్ముడికీ ఇదే జబ్బట. ఎక్కడైనా నోరు జారామో, ఆవిడ ఉద్యోగం పోతుంది, మా ఆవిడ తిండి పోతుంది."

ఆ తిట్టు గురించి చెబుతున్నప్పుడు అతని ముఖంలో కనిపించిన సంబరం నాకింకా గుర్తే.

సరిగ్గా ఆ రోజుల్లోనే గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా, చేస్తే మందు వరకేనా, సరదాకి కూడానా అని ప్రభుత్వం జనం అభిప్రాయం అడిగింది. మా గ్రంథాలయంలో నెలకొకసారి చర్చ జరిగేది. దానికి నేనొక పద్ధతి పెట్టాను. నలుగురిలో లేచి మాట్లాడలేనివాళ్లు పేరు లేకుండా చీటీ రాసి పెట్టెలో వేయాలి. దస్తూరీ బయటపడకుండా ప్రతి చీటీనీ నా చేత్తో తిరగరాసి, అసలుది చింపేసి, నా కాగితం చూసి చదివేవాణ్ణి. జనానికి నా మీదున్న నమ్మకమంతా అక్కడే ఉండేది.

ఆ చర్చ కోసం నెల రోజులు చదివాను. అనుకూలంగా రాసినవీ చదివాను, వ్యతిరేకంగా రాసినవీ చదివాను. ఎటూ మొగ్గకుండా నిలబడటం పెద్ద విద్య అనుకునేవాణ్ణి. వరసకు చెల్లెలైన మనిషికి దానివల్ల నాలుగు ముద్దలు నిలుస్తున్నాయని తెలిసి కూడా నాకంటూ ఒక అభిప్రాయం లేకపోయింది.

సభ నిండింది. లారీ మెకానిక్ ముందుగా లేచాడు. "తాగుడికి లైసెన్సులిచ్చే సర్కారుకి దీని దగ్గరే సిగ్గు ముంచుకొచ్చిందా?" అందరూ నవ్వారు.

మందుల షాపాయన చెయ్యెత్తాడు. "సరదా సంగతి పక్కన పెట్టండి బాబూ. డాక్టరు రాస్తే, కొలత ప్రకారం ఇస్తే అది మందు. ఇప్పుడు కొలతా లేదు, అడిగే దిక్కూ లేదు."

రిటైరైన హెడ్మాస్టరు మొదటి వరసలోంచి లేచి, నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. "మా మేనల్లుడు కూడా సరదాకే మొదలుపెట్టాడయ్యా. ఇవాళ గోడతో మాట్లాడతాడు. ముప్పై ఏళ్ల వాడికి మా అక్క స్నానం చేయిస్తోంది. మందు కోసమని తలుపు ఓరగా తీస్తారు, సరే. వెనకాల ఎవరెవరు దూరతారో చూసేదెవరు?"

తరవాత చీటీలు. మొత్తం ఆరు. అయిదు తిరగరాశాను. ఆరోది సభకు పది నిమిషాల ముందు పెట్టెలో కనిపించింది. మూడే వాక్యాలు. పది నిమిషాల్లో పదిసార్లు తిరగరాయవచ్చు. అలాగే పట్టుకెళ్లి చదివాను.

"నా మనిషి దీనివల్లే తింటోంది. దొంగలా ఇవ్వాల్సి వస్తోంది. చట్టం వస్తే తలెత్తుకుని ఇస్తాను."

సభ బిగుసుకుపోయింది. నా చర్చ రక్తి కట్టిందని నాకు లోపల సంతోషం వేసిన మాట నిజం. ఆ సంతోషంలో చీటీని ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాను. అట్ట లోపలి వైపు అంటించే నీలి చారల కాగితం ముక్క అది. హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకున్నాడు.

"అరె, ఇది జిగురాయన కాగితం కదూ! మా నిఘంటువుకి ఇదే వేశాడు."

ఆయన గొంతులో ద్వేషం లేదు. కనిపెట్టానన్న ఉత్సాహమే. తలలన్నీ వెనక్కి తిరిగాయి. తలుపు పక్కన స్టూలు మీద జిగురాయన కూర్చుని ఉన్నాడు. అతను చూసింది నావైపే.

"ఆ ముక్కలు నా బల్ల మీద ఎప్పుడూ పడుంటాయండీ, ఎవరైనా రాయొచ్చు" అని నేనొక్క మాట అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "తరవాత ఎవరు మాట్లాడతారు?" అన్నాను.

"ఏమయ్యా, నీకెవరిస్తున్నారు?" అని హెడ్మాస్టరే అడిగాడు.

జిగురాయన లేచి నిలబడ్డాడు. "ఆవిడ తింటోందండీ. నాకు తెలిసింది అంతవరకే."

మర్నాటికల్లా ఆ మాట ఆస్పత్రి దాకా పోయింది. దుప్పట్లు ఉతికే ఆవిడ అతను ఎదురైతే ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ తరవాత ఒక్క చుక్క దొరకలేదు. నేను మందుల షాపాయనను గుట్టుగా అడిగి చూశాను. "చట్టం లేకుండా నా చేతుల్లో ఏముందండీ" అన్నాడు.

క్షమించమని అడగాలని ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. మంచం పక్కన ముట్టని కంచం మీద మూత. "మీ ఫారాలు కుట్టకుండా ఉండిపోయాయి, ఏమనుకోకండి అన్నయ్యగారూ" అంది. నేను కొత్తగా వచ్చిన పుస్తకాల గురించి ఏదో మాట్లాడి వచ్చేశాను.

ఏడు వారాలకు పోయింది. ఎలాగూ పోయేదేనని డాక్టరు అన్నాడట. ఆ మాట పట్టుకుని గట్టెక్కుదామని చాలాసార్లు చూశాను. పోవడం జబ్బు పని. ఆ ఏడు వారాలూ తినకుండా గడవడం నా పని.

ఆవిడ పోయాక హెడ్మాస్టరు వాళ్లింటికి వెళ్లి చేతులు పట్టుకుని ఏడ్చాడని తెలిసింది. ఎదురు వాదించినాయన వెళ్లగలిగాడు. బావ అని పిలిపించుకున్నవాణ్ణి నేను వెళ్లలేకపోయాను.

నెల తరవాత ఒక మధ్యాహ్నం అతనే సామాను తీసుకెళ్లడానికి వచ్చాడు. దబ్బనాన్ని గుడ్డలో చుడుతున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, "మందుగా ఒప్పుకోమని సర్కారు వేసిన కమిటీ రాసిందట. పేపర్లో పడింది" అన్నాను.

"మంచిదే సార్. ఎవరి మనిషో తింటుంది."

అన్నేళ్లలో నన్ను సార్ అనడం అదే మొదలు. తప్పు నాది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. "ఉండు, టీ తెస్తాను" అని ముందు గదిలోకి వెళ్లాను.

రెండు కప్పులు పట్టుకుని వచ్చేసరికి బల్ల దగ్గర ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే సంచి భుజాన వేసుకుని, బస్సు పోయేదాకా ఆగి, రోడ్డు దాటుతున్నాడు. పిలిస్తే వినపడే దూరమే. కప్పులు కింద పెట్టేలోగా మలుపు తిరిగిపోయాడు.