పెద్దసారు దిద్దిన వాక్యం

వికారాబాద్‌లో ఉపాధ్యాయ శిక్షణ బడిలో చేరేనాటికి నాకు పద్దెనిమిదేళ్లు. పోలీసు చర్య జరిగి నాలుగైదేళ్లయింది. అప్పటిదాకా ఉర్దూలో నడిచిన బడులు తెలుగులోకి మారుతున్నాయి. ఉర్దూలో చదివి, ఉర్దూలోనే పాఠాలు చెప్పినవాళ్లు తెలుగులో రాయడం నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే ఉద్యోగం ఉండదు. వాళ్లకోసం రోజూ సాయంత్రం రచన గంట అని ఒకటి పెట్టారు. మిగతావాళ్లం కూడా కూర్చోవలసిందే.

మాది బంట్వారం దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. నేను చర్చి బడిలో చదువుకున్నాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చనే ధైర్యంతో వెళ్లాను. మొదటి వారమే నా వ్యాసాన్ని రచన గంట నడిపే పెద్దసారు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

“ఇది ప్రార్థనా, వ్యాసమా అమ్మాయ్? చివర ఆమెన్ రాయడం మరిచిపోయావు.”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఏదైనా అంటాడని.

పెద్దసారు కోస్తా నుంచి వచ్చినవాడు. మనిషి శుభ్రంగా ఉండేవాడు, గొంతు పెంచేవాడు కాదు. పెద్దసారు మమ్మల్ని ఎన్నడూ తిట్టలేదు. మా వాక్యాలను మాకే మెల్లగా, స్పష్టంగా చదివి వినిపించేవాడు, అంతే. అంతకంటే తిట్లే నయమనిపించేది.

ఆయన కింద చిన్నసారు ఉండేవాడు. తాండూరు మనిషి, ముప్పై నిండలేదు. రాయలేనివాళ్లను ఒక్కొక్కరిని వరండాలో పక్కన కూర్చోబెట్టుకోవడం ఆయన పని. ఎర్రసిరా వాడేవాడు కాదు. “ముందుగాల నోటితోని చెప్పుండ్రి. ఎట్ల చెప్తరో గట్లనే రాయుండ్రి. తప్పులు ఎన్క చూసుకుందాం” అనేవాడు. నా దగ్గర కూర్చున్నప్పుడు బైబిలు మాటలు తీసెయ్యమనలేదు. “ఈ మాట నీదా, విన్నదా?” అని మాత్రం అడిగాడు. నాకు ఆ తేడా తెలియడానికి చాలా రోజులు పట్టింది.

మాలో అందరికంటే వయసులో పెద్దవాడు బషీరాబాద్ దిక్కు నుంచి వచ్చాడు. మేమంతా అన్నా అని పిలిచేవాళ్లం. ఇంట్లో తల్లితో కన్నడం, బడిలో ఉర్దూ, అంగట్లో తెలుగు. ఎన్నో ఏళ్లు పిల్లలకు చదువు చెప్పినవాడు, ఇప్పుడు గుణింతాల దగ్గర తడబడేవాడు. రచన గంటలో కాగితం ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు.

ఒకసారి పెద్దసారు ‘మరువలేని రోజు’ అని వ్యాసం ఇచ్చాడు. అన్న రాయలేదు. చిన్నసారు ఆయనను వరండాలోకి తీసుకెళ్లాడు. నేను పక్క స్తంభం దగ్గర కూర్చుని నా వ్యాసం రాసుకుంటున్నాను. చిన్నసారు కాగితం పక్కన పెట్టించి, ముందు నోటితో చెప్పమన్నాడు. తర్వాత అన్న గొంతు వినిపించింది. పోలీసు చర్య నాటి గడబిడల ఏడాది కూతురికి జ్వరం వస్తే బండి కట్టుకుని తాండూరు దవాఖానకు బయలుదేరాడట. తొవ్వలో ఎవరెవరో ఆపారట. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

“గంతే, గదే రాయుండ్రి” అన్నాడు చిన్నసారు.

అన్న రాశాడు. ఆయన తెలుగులో సొంతంగా రాసిన మొదటి పేజీ అదే. రాసి చిన్నసారుకు ఇచ్చినప్పుడు అన్న ముఖం తేలికపడింది. ఆ పూట హాస్టల్లో మాతో కూర్చుని రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

వ్యాసాలన్నీ మార్కులకు పెద్దసారు దగ్గరికి పోవాలి. అది నియమం. మరునాడు ఆయన ఆ కాగితంతో క్లాసులోకి వచ్చాడు.

“కాగ్నా ఏటి ఒడ్డు కాడ బండి ఆపి నీళ్లు తెస్తి. వచ్చెవరకు బిడ్డ సచ్చింది” అని చదివాడు. చదివి ఆగాడు. “బిడ్డ అంటే ఎవరు? ఆడా, మగా? చదివేవాడికి తెలియాలా వద్దా?” మా దిక్కు బిడ్డ అంటే కూతురే.

చిన్నసారు వెనక బెంచీ నుంచి లేచాడు. “సార్, గది చదవొద్దు సార్.”

“మీరు కూర్చోండి. ఇది మీరు నేర్పిన నిర్వాకమే కదా.” మళ్లీ అన్న వైపు తిరిగాడు. “సచ్చింది కాదు, చచ్చింది. అది కూడా పశువులకు. మనుషులు మరణిస్తారు. రండి, బోర్డు మీద సరిగ్గా రాయండి.”

అన్న లేచి నిలబడ్డాడు. “సార్, గది నా బిడ్డ ముచ్చట. దిద్దుండ్రి గని, అందరి ముంగట వద్దు.”

“వ్యాకరణానికి అందరూ ఒకటే.”

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం తప్ప మేము చేసింది కూడా ఏమీ లేదు. అన్న సుద్దముక్క తీసుకుని పెద్దసారు చెప్పినట్టు రాశాడు. ‘నా కుమార్తె మరణించెను.’ ‘ర్తె’ దగ్గర చెయ్యి ఆగింది. పెద్దసారు పక్కకు వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని ఆ అక్షరం దిద్దించాడు. “చూశారా, ఇప్పుడెంత గంభీరంగా ఉందో” అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గంట అయ్యాక చిన్నసారు వరండాలో అన్న దగ్గరికి వెళ్లాడు. “తప్పు నాది అన్నా. ఆ కాయితం ఆయనకు ఇయ్యకుండ ఉంచుకోవాల్సుండె.”

అన్న చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నాడు. “మీరు రాయిపిచ్చిండ్రు, ఆయన దిద్దిండు. ఎవలి పని వాళ్లు చేసిండ్రు. మల్ల నన్ను అడగకుండ్రి.”

ఆ నెలలోనే చిన్నసారును ఆఫీసు పనికి మార్చారు. వరండాలో కూర్చోబెట్టి చెప్పడం ఆగిపోయింది. అన్న పెద్దసారు రాసిచ్చిన నమూనా వ్యాసాలన్నీ బట్టీపట్టాడు. వసంత ఋతువు, సత్సాంగత్యము, విద్య వలన లాభములు. పరీక్షలో మా అందరికంటే ఎక్కువ మార్కులు ఆయనకే వచ్చాయి.

తర్వాత కొన్నేళ్లకు, పంతొమ్మిది వందల అరవైల్లో, తాండూరులో ఒకే బడిలో అన్నా నేనూ పనిచేశాం. అప్పటికి ఆయన తెలుగు గడగడ పారేది. ఇన్‌స్పెక్టర్లు వస్తే స్వాగతం ఆయనే రాసేవాడు. పిల్లలతో మా దిక్కు మాట మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు పక్క క్లాసులోంచి నవ్వులు వినబడి గుమ్మం దాకా వెళ్లాను. రాళ్ల గనిలో పనిచేసే వాళ్ల పిల్ల ఒకతి బెంచీ మీద నిలబడి ఉంది. అన్న ఆమె వ్యాసం చదువుతున్నాడు.

“మా ఇంటికి తలుపు లేదు. గోనెపట్ట ఉన్నది. కుక్క వస్తె మా అవ్వ లేస్తది.” ఆగి పిల్లల వైపు చూశాడు. “గృహమును గురించి రాయమంటే కుక్కను గురించి రాసినది. ఈమె గృహమునకు యజమానురాలు ఎవరు, అవ్వా, కుక్కా?”

పిల్లలు విరగబడి నవ్వారు. మెల్లగా, స్పష్టంగా చదివే ఆ పద్ధతిలో ఒక్క పిసరు తేడా లేదు.

మధ్యాహ్నం చాయ్ తాగేటప్పుడు అడిగాను. “అన్నా, గా పిల్లను గట్ల ఎందుకు నవ్వులపాలు చేసినవ్?”

“నవ్వితెనే గుర్తుంటది చెల్లె. నాకు గుర్తు లేదా?” చాలా ఏళ్ల తర్వాత ఆయన నోట మా మాట విన్నాను.

“ఏం గుర్తున్నది నీకు?”

“‘మరణించెను’ గుర్తున్నది.” సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదాడు. “బిడ్డ మొకం యాదికి తెచ్చుకుందామంటే రాదు. గా బోర్డు వస్తది.”

ఆయన చాయ్ తాగి, మూతి తుడుచుకుని, గంట కొట్టకముందే క్లాసుకు వెళ్లిపోయాడు. ఆ పూట కూడా ఆ పిల్లను నిలబెట్టాడని తర్వాత తెలిసింది.

పిల్ల బడికి రావడం మానేసింది. నేను వాళ్లింటికి వెళ్లాను. తల్లి ఒంటి మీది బండల దుమ్ము ఇంకా కడుక్కోలేదు. “సార్ దీనికి రాత రాదన్నడంట. రానిదాన్ని తోలి ఏం జెయ్యాలె టీచరమ్మా? నాతోని పనికొస్తున్నది.”

“నా దగ్గరికి పంపు. బడి అయినంక నేను కూసోబెట్టుకుంట” అన్నాను.

పిల్ల తల్లి వెనక నిలబడి అడిగింది. “నేను రాసింది అందరికి చదివి వినిపిస్తవా?”

“వినిపియ్య.”

కొన్నాళ్లు వచ్చింది. నా పక్కన కూర్చుని, అడిగినదానికల్లా నోటితో చక్కగా చెప్పేది. వాళ్ల అవ్వ గురించి, గనిలో బండ జారినప్పుడు అయ్య అరిచిన అరుపు గురించి. బలపం చేతికిస్తే మాత్రం వేళ్లు ముడుచుకునేది. “రాస్త తియ్” అంటూ రేపటికి వాయిదా వేసేది. నేను తొందరపెట్టలేదు. ఒక వారం రాలేదు. వెళ్లి చూస్తే వాళ్లు కన్నడ దిక్కు వేరే గనికి వెళ్లిపోయారని పక్కవాళ్లు చెప్పారు. ఒక్క వాక్యం కూడా ఆమెతో రాయించలేకపోయాను.

అన్నకు హెడ్మాస్టరుగా బదిలీ వచ్చింది. వీడ్కోలు సభలో ఆయన శిష్యుడొకడు సన్మానపత్రం చదివాడు. విద్యాప్రదాత, కరుణాసముద్రులు, ఛాత్ర హృదయ విహారులు. ఒక్క తప్పు లేదు. అన్న మెడలో దండతో, కళ్లు మూసుకుని, ప్రతి సమాసానికీ తల ఊపుతూ విన్నాడు. చివర్లో కుర్రవాడు ఒక చోట ఒత్తు మింగేస్తే కళ్లు తెరిచి, మళ్లీ చదవమన్నాడు.