బాబాయికి నేను చెప్పిన అబద్ధం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే చిన్నవాడు మా బాబాయి ఒక్కడే. ముప్పై దాటిన మనిషి, మీసాలున్నాయి, రెండు బిందెల నీళ్ళు ఒక్కసారే మోసుకొచ్చేవాడు. బుద్ధి మాత్రం ఐదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. గోళీలాటలో నేను తొండి చేసి గెలిచినా ఆయనే చప్పట్లు కొట్టేవాడు. నా మాట ఆయనకు వేదవాక్కు.

మాది దాచేపల్లి దగ్గర పల్లె. ఊరి బయట సున్నపురాయి క్వారీ ఉండేది. మధ్యాహ్నం మందు పేల్చే ముందు సైరను మోగేది. అది వినగానే మనుషులూ గొడ్లూ దూరంగా వెళ్ళిపోవాలి. ఆ మోతకు అర్థమేమిటో బాబాయికి మాలో ఎవరూ నేర్పలేదు. ఒకరోజు మేకలు కాస్తూ అక్కడే ఉండిపోయాడు. ఆయన ఒంటిమీద గీత కూడా పడలేదు గానీ, రాళ్ళు పడి నాలుగు మేకలు కళ్ళముందే చచ్చిపోయాయి.

ఆనాటి నుంచి సైరను వినపడితే చాలు, మిరపకాయల బస్తాలు పేర్చిన గదిలోకి దూరి సాయంత్రందాకా వచ్చేవాడు కాదు. తిండి లేదు, మాట లేదు, లుంగీ తడుపుకునేవాడు. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు వచ్చి దెబ్బలేమీ లేవు పొమ్మన్నాడు. భయానికి కూడా వైద్యం ఉంటుందని మాకు తెలిస్తేగా. గాలి సోకిందని మా నాయనమ్మ తేల్చింది. దిష్టి తగిలితే ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి పొయ్యిలో వేయడం మా ఇళ్ళలో మామూలే. గాలి సోకినవాడికైతే, అది ఒంట్లో ఉన్న వేళలోనే, ఆ పొగ ముఖానికే పట్టాలట. మిర్చి పండే ఊళ్ళో ఆ మందుకేం కొదవ.

కానీ ఆయన గదిలోంచి బయటికి రావాలి కదా. "నువ్వు పిలిస్తేనే వత్తాడు. మేకలొచ్చినయ్యని చెప్పవే," అంది నాయనమ్మ. ఆమె చెడ్డది కాదు, కొడుకు తినలేదని తనూ పస్తులుంటోంది. నేను గడపలో నిలబడి, "బాబాయ్, మేకలొచ్చినయ్, రా" అన్నాను.

నవ్వుకుంటూ వచ్చాడు. నలుగురు పట్టుకుని మంచానికి కట్టేసి పొగ పట్టారు. ఉక్కిరిబిక్కిరవుతూ, కళ్ళు కారుతూ కూడా ఆయన వాళ్ళెవరి వంకా చూడలేదు, నా వంకే చూశాడు. నేను అమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను. ఆ తర్వాత సైరను మోగినా మోగకపోయినా ఆయన ఆ గదిలోనే ఉండిపోయాడు.

పక్కింటి అక్క మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. ఆమె ఎవరినీ అడక్కుండా ఒక చేట తెచ్చుకుని ఆ గది గడప దగ్గర కూర్చుంది. ఆయన వైపు వీపు పెట్టి కాయలు ఒలుస్తూ ఉండేది. రమ్మని పిలవలేదు, తలుపు మాత్రం ఎవరినీ మూయనివ్వలేదు. సైరనుకు కాస్త ముందు, "అన్నా, ఇప్పుడు మోగుద్ది. పెద్ద చప్పుడొస్తది. మళ్ళా ఆగిపోద్ది. నేనీడనే ఉంటా," అనేది. చెప్పినట్టే మోగేది, చెప్పినట్టే ఆగేది, చెప్పినట్టే ఆమె అక్కడే ఉండేది. నెల తిరిగేసరికి బాబాయి వచ్చి ఆమె పక్కన కూర్చుని తొడిమలు తీయసాగాడు.

అంతకంటే బాగుపడలేదు. ఆ ఏడే అక్కకు నకరికల్లు సంబంధం కుదిరింది. ఆమె వెళ్ళాక చేట పట్టుకుని నేను కూర్చున్నాను. ఆమె చెప్పిన మాటలే ఒక్కటీ తప్పకుండా చెప్పాను. బాబాయి బస్తాల వెనక్కి జరిగిపోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు గానీ నా పిలుపుకు ఒక్కసారీ రాలేదు. ఆయన్ని బయటికి తేగల మాట నా దగ్గర ఒకటే ఉండేది, దాన్ని నేనే పాడుచేసుకున్నాను.

ఇప్పుడు మా ఆడపడుచు కూతురికి ఇరవై ఎనిమిదేళ్ళు. తనదీ పసిబుద్ధే. తండ్రిని కళ్ళెదుటే లారీ గుద్దేసిన దగ్గర్నుంచి ఆ పిల్ల గుమ్మం దాటడం లేదు. ఇలాంటివాళ్ళ భయాలకు వైద్యం చేసే డాక్టరమ్మ నరసరావుపేటలో ఉందని తెలిసి తీసుకెళ్ళబోయాం. "గాజులు కొనడానికని చెప్పు వదినా, నీ మాటైతే ఇంటది," అని ఆడపడుచు బతిమాలింది. నా వల్ల కాలేదు. "డాక్టరు దగ్గరికే తల్లీ. బస్సెక్కాల. రోడ్డు మీద లారీలుంటయ్. నీ చెయ్యి నేను పట్టుకుంటా," అన్నాను. ఆ పిల్ల కేకలు పెట్టి మంచం కిందికి దూరింది.

చేస్తున్నది మంచో చెడో నాకూ తెలియదు. ఇవాళ్టితో మూడు బస్సులు తప్పిపోయాయి. ఆడపడుచు నాతో మాట్లాడటం మానేసింది. ఆ పిల్ల మాత్రం మంచం కింద నుంచే నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు.