హెల్వీ వెనక్కి తీసుకున్న మాట

థండర్ బే అనే ఊళ్లో హెల్వీ కోస్కికి అభిప్రాయం లేని విషయమంటూ లేదు. పాటల మీద ఆమె అభిప్రాయాలను మాత్రం అచ్చు వేసేవాళ్లు కూడా ఉన్నారు. పొద్దునా సాయంత్రం స్కూలు బస్సు నడపడం, మధ్యలో రికార్డులు వినడం, వారానికోసారి ఊరి పత్రికలో అర పేజీ నింపడం. ముప్పై ఏళ్లుగా ఆమె బతుకు ఇదే, దానికి ఆమె ఒక్కనాడూ చింతించలేదు.

ఏ పాట తీసెయ్యాలో చెప్పే స్నేహితుడు లేనివాడే డబుల్ ఆల్బమ్ చేస్తాడని ఆమె నమ్మకం. ఇదే ఆఖరి కచేరీ అంటూ మూడోసారి ఊరేగే బృందాలను ఆమె క్షమించదు. క్రిస్మస్ ఆల్బమ్ చేసిన రాక్ గాయకుడు ఆమె లెక్కలో రిటైరైనట్టే. సినిమా నటుడు గిటార్ పట్టుకుంటే ఆమెకు ఒళ్లు మంట. డ్రమ్స్ వాయించేవాళ్ల మీద మాత్రం కాస్త పక్షపాతం ఉంది, అది దాచుకోదు. ఒకసారి రాసిన మాట వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు.

ఆమెకో నియమం ఉంది. కొత్త రికార్డు వినేముందు అట్ట చూడదు, రికార్డు మధ్యలో అంటించిన కాగితమూ చదవదు. పేర్లూ బొమ్మలూ చెవికిచ్చే లంచాలని ఆమె వాదన. ముందు వినాలి, ఆ తర్వాతే చూడాలి.

ఆర్వో లాహ్టి రికార్డును కూడా అలాగే వింది. ఆర్వో ఆమెతో బడిలో చదువుకున్నవాడు, ఇళ్లకు టైల్స్ వేస్తాడు. డొనాటా నడిపే రికార్డుల కొట్లో ప్రతి శనివారం ఇద్దరూ చెరో పర్షియన్ బన్ను ముందు పెట్టుకుని, చేతివేళ్లకు దాని మీది గులాబీ రంగు క్రీమంటుకున్నా పట్టించుకోకుండా పోట్లాడుకోవడం ఊరికంతటికీ తెలుసు. అలాంటివాడు ఇన్నాళ్లకు ఇద్దరు ఎలక్ట్రీషియన్లను కూడగట్టి సొంతంగా ఒక రికార్డు చేశాడు.

హెల్వీకి అది నచ్చలేదు. పాట ఈడుస్తోంది, గొంతు బొంగురుపోయింది. ఈ మధ్య కుర్రకారు మత్తుగా, బరువుగా వాయిస్తోంది కదా, వీడూ ఈ వయసులో ఆ దారి పట్టాడా అని చిరాకుపడింది. 'బురదలో నడుస్తున్నట్టుంది. పాడేవాణ్ని ఎవరైనా నిద్ర లేపండి' అని రాసేసింది. ఆ తర్వాత అట్ట చూడబుద్ధి కూడా కాలేదు.

ఆ శనివారం ఆమె పోట్లాటకు సిద్ధపడే వచ్చింది. ఆర్వో "చదివాను" అన్నాడు, కాఫీ తాగాడు, వెళ్లిపోయాడు. పై శనివారం రానేలేదు. అలిగాడు, పోనీలే అనుకుంది గానీ ఆమెకు బన్ను సయించలేదు.

ఒకరోజు బస్సు పెట్టేసి కొట్లోకి వచ్చేసరికి, పాత వాయిద్యాలు తగిలించే గోడ మీద ఆర్వో ఎర్ర గిటార్ కనిపించింది. అమ్మకానికి. హెల్వీ ఏదో అడగబోయేలోపే, తిరుగుతున్న రికార్డు ఆమె చెవిని లాగింది.

"ఎవరిదే ఇది?"

"చెప్తే లంచమంటావుగా. విని నువ్వే చెప్పు" అంది డొనాటా.

"డ్రమ్స్ వాడికి ఎక్కడ ఆగాలో తెలుసే. ఆ గిటార్ చూడు, అంత పరిగెడుతూ కూడా ఎవర్నీ తొక్కట్లేదు. ఏ ఊరి వాళ్లు?"

"మన ఊరే. మొన్న నువ్వు పూడ్చిపెట్టావే, వాళ్లే."

"ఛ, ఇది అది కాదు."

డొనాటా సూది పైకెత్తి, రికార్డు తీసి చూపించింది. "ఎందులో విన్నావ్, ముప్పై మూడులోనా? ఇది నలభై అయిదులో తిరగాలే తల్లీ! ఇంత లావు అక్షరాలు వేశాడు, కనబడలేదూ?"

పెద్ద రికార్డులు సాధారణంగా నెమ్మదిగా, నిమిషానికి ముప్పై మూడు చుట్లే తిరుగుతాయి. ఆర్వో తన రికార్డు వేగంగా, నలభై అయిదు చుట్లు తిరిగేలా చేయించాడు. చూడకుండా వినే హెల్వీ చెయ్యి అలవాటు చొప్పున మీటను నెమ్మది వైపుకే తోసింది.

ఆ మధ్యాహ్నమే ఆర్వో పనిచేస్తున్న ఇంటికి వెళ్లింది. స్నానాలగదిలో మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ అతికిస్తున్నాడు.

"ఒరేయ్, నీ రికార్డు తప్పు వేగంలో విన్నానురా."

ఆర్వో తలెత్తలేదు. "అలాగా."

"బురదలో నడుస్తున్నట్టుందని రాస్తే నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది. ఇంటికెళ్లి మళ్లీ పెట్టుకున్నా. నాకూ అలాగే వినబడింది."

"నలభై అయిదులోనేనా?"

"నలభై అయిదులోనే. నా పాటే తప్పనుకున్నా గానీ, నీ చెవి తప్పు వింటుందని నాకు తట్టనే లేదే."

హెల్వీ సిగ్గుతో టబ్బు అంచు మీద కూలబడింది. "గిటార్ వెనక్కి తెచ్చుకో" అంది.

"జాలిపడి అంటున్నావు. అక్కర్లేదు, అమ్మేస్తాను."

ఆ వారమంతా ఆమె ఆ రికార్డును సరైన వేగంలో వింది. అయిదు పాటలు నిజంగానే బాగున్నాయి. ఆరోది బాగాలేదు. అదీ బాగుందని రాస్తే పోతుంది కదా అని ఒకటికి రెండుసార్లు అనిపించింది. కానీ అలా రాస్తే మిగిలిన అయిదింటినీ ఆర్వో నమ్మడు. అందుకే తప్పు విన్నానని, ముందు రాసింది వెనక్కి తీసుకుంటున్నానని మొదటి వాక్యంలోనే రాసింది. అయిదు పాటలనూ ఒక్కొక్కటిగా మెచ్చుకుంది. ఆరో పాటను ఉతికి ఆరేసింది.

శనివారం కొట్లో రెండు కాఫీలు తెప్పించుకుని కూర్చుంది. ఒకటి చల్లారిపోయింది. అప్పుడు తలుపు తోసుకుని ఆర్వో వచ్చాడు, చంకలో పత్రిక.

"ఆరో పాట అంత చెత్తా?"

"అంత చెత్తే."

"అందులో చివరికొచ్చేసరికి గిటార్ మలుపు తిరుగుతుంది, విన్నావా అసలు?"

"విన్నాను. ఆ మలుపు కోసం పాటంతా కాచుక్కూచోవాలా?"

"నీకు ఓపిక లేకపోతే అది నా తప్పా?" అంటూ ఆర్వో గోడ మీది ఎర్ర గిటార్ దించాడు. "అమ్మకానికి పెట్టింది కదా" అని డొనాటా అంటున్నా వినిపించుకోకుండా స్టూలు లాక్కుని, తీగలు సవరించి, ఆ పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాడు.

"ఇప్పుడు చెప్పవే."

"బాగాలేదురా" అంది హెల్వీ, ప్రాణం లేచొచ్చి.

"సరిగ్గా విను" అని ఆర్వో మళ్లీ ఎత్తుకున్నాడు.