పడితే లేపొద్దు

నా చిన్నప్పుడు నేను స్పృహ తప్పి పడిపోతే, నన్ను నేల మీద ఉండనిచ్చేవాళ్లు కాదు. ఒళ్లు నేలకు తగిలీ తగలకముందే ఇద్దరు చంకల కింద చేతులు వేసి నిలబెట్టేవాళ్లు. తెలంగాణ ఇంకా రాని రోజులు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసంతా బాయిలో, అంటే బొగ్గుగనిలో పనిచేసేవాళ్లే. బాయి లోపల పాత దారుల్లో చెడుగాలి నేలనంటుకుని ఉంటుందట. అక్కడ పడ్డవాణ్ని కాసేపు కింద వదిలేసినా బతకడు. లేపాలి, మంచిగాలిలోకి లాగాలి. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఆ అలవాటు వాళ్ల చేతుల్ని వదల్లేదు.

మా నాన్నను బాపు అనేదాన్ని. ఆయన బాయిలో నీళ్లు తోడే పంపు నడిపేవాడు. నేను పుట్టకముందు ఒకసారి ఆయనా అలాగే పడిపోతే, తోటి పనివాడొకాయన లేపి, భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. ఆయన మా పక్క క్వార్టరులోనే ఉండేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. పడ్డ మనిషిని లేపకపోవడమంటే చావుకి వదిలేయడమేనని మా బాపు గట్టిగా నమ్మేవాడు. నమ్మడా మరి, తాను బతికిందే అలాగ!

నాకేమో ఎండలో ఎక్కువసేపు నిలబడితే స్పృహ తప్పేది. సూది చూస్తే తప్పేది. అమ్మ కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుంటే, ఆవిడ బాగానే ఉండేది, నేను పడేదాన్ని. ముందు ఆవలింతలొచ్చేవి, కడుపులో తిప్పేది, మెడ వెనక చల్లటి చెమట పట్టేది. చెవుల్లో హోరు మొదలై మాటలు దూరమైపోయేవి. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. నిలబెట్టి పట్టుకున్న కొద్దీ తెలివి రావడం ఆలస్యమయ్యేది, చేతులు కొట్టుకునేవి. దాంతో అందరూ ఫిట్స్ అని తేల్చేశారు. చేతిలో తాళాలగుత్తి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, మెడలో మా నాయనమ్మ కట్టించిన తాయెత్తు.

ఏడో తరగతికి వచ్చేసరికి హెడ్మాస్టరుగారు భయపడ్డారు. ఇంకోసారి బడిలో పడితే ఇంట్లోనే ఉంచుకోండని బాపుతో చెప్పారు. నాయనమ్మ అప్పుడే నన్ను బెల్లంపల్లిలో మేనత్త ఇంటికి పంపేద్దామని మొదలుపెట్టింది. ఆడపిల్లకు ఈ జబ్బుందని నలుగురికీ తెలిస్తే ఎలాగన్నది ఆవిడ బాధ. నాకు బడంటే ప్రాణం. వంటింటి తలుపు వెనక కూర్చుని ఆ మాటలన్నీ వింటూ ఏడ్చేదాన్ని.

చివరికి బాపు నన్ను దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ తలకూ గుండెకూ పరీక్షలు చేయించింది. పడుకోబెట్టి బీపీ చూసింది, చాలాసేపు నిలబెట్టి మళ్లీ చూసింది. ఆ రెండోసారికే నాకు చెవుల్లో హోరు మొదలైంది. ఇది ఫిట్స్ కాదని చెప్పింది. మెదడు నుంచి గుండెకూ కడుపుకూ పోయే నరం ఒకటుంటుందట. కొందరికి అది ఉన్నట్టుండి గుండెను నెమ్మది చేసేస్తుందట. నెత్తురు కాళ్లలోకి దిగిపోతుంది, తలకు చాలదు. పడగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే చాలు, పిల్ల లేచి కూర్చుంటుందంది.

బాపు కొయ్యబారిపోయాడు. "పడ్డదాన్ని పండవెట్టుమంటరా డాక్టరమ్మా? పీనుగనా అది?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. తాను బాయిలో పడ్డ సంగతంతా చెప్పాడు.

ఆవిడ నవ్వలేదు. "బాయిలో నువ్వు నేర్చుకున్నది ఒప్పే. అక్కడ కింద గాలి చెడ్డది. నీ బిడ్డకు గాలి తక్కువైతలేదు, తలకు నెత్తురు అందుతలేదు. నీ పంపు జోరు తగ్గితే ఏమైతది?"

"నీళ్లు మీదికెక్కయి."

"నిలవెడితే బిడ్డ తల కూడా గట్లనే మీదుంటది కదా? పండవెడితే నెత్తురు సుళువుగ అందుతది."

ఇంటికొచ్చే దారంతా బాపు నా తలను, పాదాలను మార్చి మార్చి చూస్తూ నడిచాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు.

కొద్దిరోజులకే బడిలో జెండా పండుగ. బాపు రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కాక కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. హెడ్మాస్టరుగారి ఉపన్యాసం సాగుతూనే ఉంది, ఎండ ముదురుతోంది. నాకు ఆవలింతలు మొదలయ్యాయి. కూర్చోమని డాక్టరమ్మ చెప్పింది నిజమే. కానీ వరసలో అందరూ నిలబడి ఉంటే నేనొక్కదాన్నే ఎలా చతికిలబడను? సిగ్గేసింది. ఇవాళ పడితే రేపటి నుంచి బడి లేదన్న సంగతీ గుర్తుంది. పళ్లు బిగబట్టి నిలబడ్డాను, పడిపోయాను.

తర్వాత జరిగింది ఇతరులు చెప్పగా విన్నదే. అందరూ లేపడానికి ఉరికారట. అందరికంటే ముందు కాక వచ్చి చంకల కింద చేతులు వేశాడట. బాపు పరిగెత్తుకొచ్చి ఆ చేతులు పట్టుకుని తీసేశాడట.

"ముట్టద్దు! ఎవ్వలు లేపద్దు!"

"పిచ్చివట్టిందారా నీకు? నిన్నెట్ల లేపిన్నో మర్శినవా?"

"నిన్ను మరుస్తనా అన్నా! అది బాయి. ఇది కాదు."

ఆ మాటంటూనే తెల్లచొక్కాతో దుమ్ములో కూలబడి, నా రెండు పాదాలూ తన భుజాల మీద పెట్టుకున్నాడట. చుట్టూ జనం తిడుతున్నారు. పిల్ల చస్తే ఎవరిది పాపమని ఎవరో అరిచారట. తన ప్రాణం నిలిపిన మనిషే ఎదురుగా నిలబడి లేపమంటుంటే, ఆ కొద్దిసేపూ మా బాపు ఎలా తట్టుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

కళ్లు తెరిచేసరికి హెడ్మాస్టరుగారి చేతిలో మైకు అలాగే ఉంది. నా చేతులు కొట్టుకోలేదు. అంత తొందరగా నాకు ఎప్పుడూ తెలివి రాలేదు. ముందు ఆకాశం కనిపించింది, తర్వాత నా పాదాల మధ్య మా బాపు ముఖం కనిపించింది. అయ్యో! కాలు పొరపాటున తగిలితేనే కళ్లకద్దుకునే ఇల్లు మాది. గబుక్కున కాళ్లు లాక్కోబోయాను. ఆయన మడమలు వదల్లేదు.

"ఉండనియ్ బిడ్డా. నెత్తురు నెత్తికి ఎక్కనియ్."

చొక్కా రెండు భుజాల మీదా నా పాదాల మట్టి అంటుకుంది. కాక పక్కనే కూర్చుని కండువాతో ముఖం తుడుచుకుంటూ, "లేపకుంటే లేశిందేందిరా ఇది!" అన్నాడు. బాపు నన్ను నీడలో కూర్చోబెట్టి, హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్లి, "ఇది కూసోనే జెండాకు దండం వెడ్తది సార్. బడి మాత్రం మానదు" అన్నాడు. హెడ్మాస్టరుగారు కాదనలేదు. కళ్లారా చూశారు కదా. తర్వాతి రోజు నుంచి ప్రార్థనప్పుడు వరండా మెట్టు నాదైంది. కొన్నాళ్లు ఆడపిల్లలు నన్ను మెట్టు మహారాణి అని ఏడిపించారు. ఏడిపిస్తే ఏడిపించారు, బడి అయితే దక్కింది.

ఆ బడి చలవతోనే నేనూ పంతులమ్మనయ్యాను. ఆ నరం మాత్రం మారలేదు. ఉప్పేసిన మజ్జిగ తాగుతాను, ఎండలో ఆగను, సూదికి ముందే మంచమెక్కుతాను. హోరు మొదలైతే బస్టాండని చూడను, పట్టుచీరని చూడను, నేల మీద కూర్చుంటాను. వింతగా చూసేవాళ్లు చూస్తారు. దుమ్ములో కూర్చోవడానికి మా బాపు సిగ్గుపడలేదు, నాకెందుకు?

ఇప్పుడు బాపు రిటైరై మంథని దగ్గర మా ఊళ్లో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే తిన్నావా అని అడగడు. "నిలవడ్డవా, కూసున్నవా?" అని అడుగుతాడు.

"కూసున్న బాపూ" అంటాను. నిలబడి ఉంటే, ముందు కూర్చుని, అప్పుడంటాను.