తడి జడ

ఆదివారం ఈత క్లాసు దగ్గర కూర్చునే తల్లుల మధ్య మగవాడు ఆయనొక్కడే. బస్సు డ్రైవరు. స్టీరింగు పట్టి పట్టి అరచేతులు కాయలు కాశాయి. విడాకులయ్యాక కూతురు తల్లి దగ్గరే ఉంటోంది. వారానికోసారి ఈ క్లాసు, అది అయ్యాక తల్లి వచ్చి తీసుకెళ్లేదాకా కాసేపు, అంతే ఆయన వంతు. పాప నీళ్లలోంచి రాగానే తువ్వాలుతో తల తుడిచి, బెంచీ మీద తన ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తాడు. మొదట్లో పాయలు పట్టడం రాక తంటాలు పడుతుంటే పక్కనున్నావిడ నవ్వాపుకోలేక, "అది జడ అన్నయ్యా, మోకు కాదు" అంటూ నేర్పింది. ఇప్పుడు చేయి తిరిగింది. అయినా చిక్కులు నెమ్మదిగానే తీస్తాడు. అటు తిరిగి కూర్చున్నంతసేపూ పాప నోరు మూతపడదు. బళ్లో గొడవలు, ఊడిన పన్ను, అమ్మ వంటింట్లో ఏడ్చిన సంగతి, అన్నీ వెనక్కి తిరక్కుండానే చెప్పేస్తుంది.

మొన్న ఆదివారం తల్లి దింపి వెళ్లిన పాపను చూస్తే, జుట్టు చెవుల పైదాకా కత్తిరించి ఉంది.

"తడి జుట్టుకి జలుబు చేస్తోందని అమ్మ కట్ చేయించింది. బాగుందా నాన్నా?"

"చాలా బాగుంది తల్లీ," అన్నాడు.

క్లాసయ్యాక తువ్వాలుతో నాలుగుసార్లు రుద్దేసరికి తల ఆరిపోయింది. దువ్వెన జేబులోనే ఉండిపోయింది. పాప ఈసారి ఎదురుగా కూర్చుని, కాళ్లూపుతూ ఆయన ముఖంలోకి చూసింది.

"బళ్లో ఏంటమ్మా విశేషాలు?" అనడిగాడు.

"ఏం లేవు."

గేటు వైపు చూస్తూ పాపే అడిగింది, "అమ్మ ఎప్పుడొస్తుంది నాన్నా?"