జారుముడి వేసిన ఇంటికప్పు

మధ్యాహ్నం చాపమీద పడుకుంటే, బెంగాల్లో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లోని మా ఇంటికప్పు ఊపిరి తీసుకుంటున్నట్టుండేది. నదిమీంచి గాలి వచ్చినప్పుడల్లా రేకులు కొంచెం లేచి, మళ్లీ మెల్లగా దూలాలమీద వాలేవి. ఆ సందులోంచి వెలుగు గోడమీదికి జారేది. నిద్రకూ మెలకువకూ మధ్య ఇల్లంతా ఎటో కదిలి వెళ్తోందనిపించేది. నాకది ఎంతో ఇష్టం. అమ్మకు మాత్రం అదే భయం.

కప్పును గోడకు బిగించనివ్వనిది నాన్నే. డాక్‌లో, ఓడలమీద సరుకు కదలకుండా తాళ్లతో కట్టడం ఆయన పని. ఇంటి రేకులమీదా ఇటుకలు పేర్చి, తుఫాను కబురు వస్తే పైనుంచి తాళ్లు వేసి బయటిగోడ కొక్కేలకు కట్టేవాడు. ముడి మాత్రం డాక్ ముడే, ఒక్క లాగుతో ఊడొచ్చే జారుముడి. సరుకు ఏదో ఒక రేవులో దిగాలిగా మరి! మా కప్పు ఏ రేవులో దిగుతుందని అడిగితే, పెన్షన్ వచ్చాక సొంతూళ్లో ఇల్లు కడతామనీ, ఈ రేకులు అక్కడికి పట్టుకెళ్తామనీ అనేవాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పెన్షనూ వచ్చింది, ఊళ్లో పునాదైనా పడలేదు.

మొన్నటి వేసవిలో ఫోన్లన్నీ ఒక్కసారే తుఫాను హెచ్చరికతో మోగాయి. నాన్న ఎప్పట్లాగే తాళ్లు వేసి కట్టాడు. సాయంత్రానికి గాలి ముదిరింది. తడిసిన తాడు జారి ఒక ముడి విడిపోయింది. ఆ పక్క రేకులు దూలంతో సహా పైకి లేచాయి. అమ్మ బయట సందులోకి పరుగెత్తి తాడుకొస పట్టుకుని వేలాడింది. నేను ఆమె నడుం పట్టుకుని కిందికి గుంజాను. నాన్న తాడును కొక్కేనికి చుట్టి ముడిమీద ముడి వేశాడు.

గాలి తగ్గాక చూస్తే అమ్మ అరచేతులు చర్మం లేచిపోయి ఉన్నాయి.

"ఇదేటి, దింపుకుపోయే సరుకేటయ్యా? నానొచ్చిన కాడ్నుంచి ఇక్కడే వొండేను, ఇక్కడే కన్నాను. నీకింకా ఇది ఓడేనేటి?"

 నాకు నాన్నమీద ఒళ్లు మండిపోయింది.

తర్వాత బెంగాలీ మేస్త్రీని నాన్నే తీసుకొచ్చాడు. గోడ పైవరసలో ఇనుప పట్టీలు పాతి సిమెంటు పోశారు. అది గట్టిపడ్డాక పట్టీలను దూలాలమీదుగా వంచి బోల్టులు బిగించారు. రేకుల్నీ దూలాలకు బిగించేశారు.

"బోల్టుల కొసలు నలగ్గొట్టెయ్యనా దాదా? ఇక నట్టు ఎప్పటికీ ఊడదు," అని మేస్త్రీ నాన్నను బెంగాలీలో అడిగాడు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్న సుత్తి తనే అందుకుని నిచ్చెనెక్కాడు. ఒక్కొక్క కొసనూ నలగ్గొట్టాడు.

"ఇంక ఇప్పలేమే," అన్నాడు పైనుంచి.

అమ్మ కళ్లొత్తుకుంది. అవి సంతోషపు కన్నీళ్లే, నాకు తెలుసు.

మేస్త్రీ వెళ్లిపోయినా నాన్న దిగలేదు. కప్పు అంచున కూర్చుని నది అవతలికి, మా ఊరివైపు రైళ్లు బయల్దేరే షాలిమార్ వైపు చూస్తూ ఉండిపోయాడు. నా కోపం ఎటు పోయిందో, ఆయన వీపు చూస్తే గుండె తరుక్కుపోయింది. అమ్మ నిచ్చెన పట్టుకుని కింద నిలబడింది. దిగమని మాత్రం అనలేదు.